పావురాల గుట్ట దారిలో ఐదుగురి పేర్లూ ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

సెప్టెంబర్ 2 వస్తోందంటే పావురాల గుట్ట పేరు పేపర్లో కనబడుతుంది. 2009లో అదే రోజున అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ కూలిపోయిన నల్లమల అడవిలోని గుట్ట అది. ఆ గుట్టకు నడిచి వెళ్లొచ్చినవాడిగా నాలుగు మాటలు రాస్తున్నాను.

పోయిన చలికాలం అటవీశాఖ అనుమతి తీసుకుని, దారి తెలిసిన చెంచు పెద్దాయన ముందు నడుస్తుంటే మేం నలుగురం నల్లకాల్వ వైపు నుంచి వెళ్లాం. అడవిలోకి దిగాక గానీ 2009లో ఆ హెలికాప్టర్ జాడ తెలియడానికి ఒక పగలూ ఒక రాత్రీ ఎందుకు పట్టిందో నాకు అర్థం కాలేదు. వెదురు పొదలు, రాళ్లు, వాగు దాటితే మళ్లీ ఎక్కుడు, పదడుగుల ముందున్న మనిషి కూడా ఆకుల్లో కలిసిపోతాడు, అలాంటిది ఆ రోజు వాన, కమ్ముకున్న మబ్బు. పొద్దున ఎనిమిదిన్నర దాటాక బేగంపేటలో లేచిన ఆ బెల్ 430 హెలికాప్టర్‌తో గంట తిరక్కముందే సంబంధాలు తెగిపోయాయి, వాయుసేన హెలికాప్టర్‌కు శకలాలు కనబడింది మర్నాడు. ఆ రాత్రంతా టీవీ ముందు కూర్చున్న ఇళ్లలో మాదీ ఒకటి. మా అమ్మ పొయ్యి కూడా వెలిగించలేదు.

ఎక్కుతుంటే మా అక్క కొడుకు, ప్రమాదం జరిగినప్పటికి వాడు పసివాడు, "మామా, అందులో సీఎం ఒక్కరే ఉన్నారా?" అని అడిగాడు. చెప్పబోయి మూడో పేరు దగ్గర ఆగిపోయాను. నిజంగా సిగ్గేసింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారితో పాటు ఆయన ముఖ్య కార్యదర్శి పి. సుబ్రహ్మణ్యం గారు, భద్రతాధికారి ఎ.ఎస్.సి. వెస్లీ గారు, పైలట్లు గ్రూప్ కెప్టెన్ ఎస్.కె. భాటియా, కెప్టెన్ ఎం.ఎస్. రెడ్డి గార్లు కూడా ఆ గుట్ట మీదే పోయారు. ఇంజిన్ శక్తిని రెక్కలకు అందించే ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌లో తేడా కనిపించి పైలట్లు ఆరు నిమిషాలకు పైగా దాని మీదే ఉండిపోయారని, ఈలోపు హెలికాప్టర్ వేగంగా కిందికి పడిపోయిందని విచారణ కమిటీ తేల్చింది. ఇది కూడా ఎంతమందికి తెలుసు?

అందుకే నా విన్నపం. నడక మొదలయ్యే చోట ఐదుగురి పేర్లూ, ఆ రోజు ఏం జరిగిందో తెలుగులో రాసిన బోర్డు పెట్టించాలి. వెళ్లేవాళ్లను చిన్న చిన్న గుంపులుగా, చెంచులకు కూలి ఇచ్చి వాళ్ల వెంటే పంపాలి. అది పులుల అడవి, నీళ్ల సీసాలు పారేసి వచ్చే చోటు కాదు.

మీరు కూడా ఈ సెప్టెంబర్ 2న ఐదుగురి ఫొటోలూ పక్కపక్కనే, ఒకే సైజులో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, నంద్యాల