వాయించి చూడకుండ వాయిద్యం ఎట్ల కొనాలె?

సంపాదకుడు గారికి నమస్తే,

మాది పరకాల దగ్గర ఊరు, మా భజన మండలిల నేను హార్మోనియం వాయిస్త. పాత పెట్టె తిత్తి చినిగి అతుకులు పెట్టి పెట్టి ఇగ లాభం లేదని, కొత్తదాని రేటు చూస్తే భయమై ఫోన్ల సెకండ్ హ్యాండ్‌ది వెతికిన. వేరే రాష్ట్రంల ఒకాయన దగ్గర దొరికింది, వీడియో పంపిండు, మంచిగనే మోగింది. 9,500 పంపిన, పార్శిల్ ఖర్చు ఇంకో 700. ఇంటికొచ్చినంక వాయిస్తే మంద్ర స్థాయిల మూడు రీడ్లు (గాలికి మోగే సన్న ఇత్తడి రేకులు) బుస్సుమంటున్నయ్, తిత్తిల గాలి నిలుస్తలేదు, చరణం సగం కాకముందే సౌండ్ పడిపోతున్నది. మళ్ల ఆ వీడియో పెట్టి చూసిన. ఆయన మొత్తం మధ్య స్థాయిలనే వాయించిండు, మంద్ర ఉండే ఎడమ దిక్కు చెయ్యే పోలే! ఫోన్ చేస్తే 'యాడ్‌ల నో రిటర్న్ అని రాసిన గదన్నా' అన్నడు.

మా నాయన అంగడిల ఎద్దును కొంటే పండ్లు చూసి, నడిపిచ్చి, నాగలికి కట్టి చూసినంకనే బయానా ఇచ్చెటోడు. నేను ఒక్క నిమిషం వీడియో చూసి పదివేలు పంపిన, తప్పు నాది కూడ ఉన్నది, కాదంటలేను.

కాని వాయిద్యం సంగతే వేరు. ఫొటోల వార్నిష్ కనబడ్తది, శృతి కనబడది. దారిల కూడ ఏమన్న కావచ్చు. వయొలిన్ తీగలు మొత్తం వదులు చేసి పంపితే లోపల నిలబెట్టిన చిన్న పుల్ల పడిపోతది ఒక్కోసారి, తెలిసినోళ్లు దాన్ని మళ్ల నిలబెడ్తరు, కాని కొన్నోడు డబ్బా విప్పంగనే లోపల గలగలమంటే మోసం చేసిండనే అనుకుంటడు. వీణ మెట్లు మైనంల కూసుంటయ్, మన దిక్కు మే నెల ఎండకు పార్శిల్ బండిల రెండు రోజులుంటే ఆ మైనం మెత్తబడి మెట్లు జరుగుతయ్. వానకాలం తబలా, మృదంగం తోళ్లు చెమ్మ పట్టి శృతి దిగుతది. అంటే మొదటి నుంచే చెడిపోయిందా, దారిల దెబ్బతిన్నదా, ఊకె వాతావరణానికి అట్లయిందా అనేది చేతిల పట్టుకొని రెండు మూడు రోజులు వాయిస్తే తప్ప తెల్వది.

ఇగ చట్టం సంగతి, నాకు జరిగినంక అడిగి తెలుసుకున్న. 2020ల వచ్చిన ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఆన్‌లైన్‌ల వ్యాపారం చేసేటోడు లోపమున్న సరుకును, యాడ్‌ల చెప్పినట్టు లేని సరుకును వాపస్ తీసుకోను అనొద్దు. పాత వాయిద్యాలు కొని బాగు చేసి అమ్ముడే పనిగ పెట్టుకున్న షాపు 'నో రిటర్న్' అని ఎంత పెద్దగ రాసుకున్నా అట్లాంటి సరుకు దగ్గర అది చెల్లది, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు, 5 లక్షల లోపు వస్తువైతే ఫీజు కూడ లేదు. కాని ఇంట్ల మూలకు పడున్న గిటార్‌నో పెట్టెనో ఎప్పుడన్న ఒకసారి అమ్ముకునే మామూలు మనిషికి ఆ రూల్స్ వర్తించయ్, నాకు అమ్మినాయన అసొంటోడే. ఆయనకు వర్తించేది 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం. ఇట్లుంటది అని చెప్పి అమ్మితే సరుకు అట్లనే ఉండాలె అంటది అది. దాని 24వ సెక్షన్ల ఇంకో ముచ్చట ఉన్నది, చూసి నచ్చితేనే అన్న మాట మీద ఇచ్చిన సరుకును తీసుకున్నోడు నచ్చిందన్నా, తనదే అన్నట్టు వాడుకున్నా, వద్దని చెప్పకుండ గడువు దాటేదాక పెట్టుకున్నా కొన్నట్టే లెక్క. దాదాపు వందేండ్ల కింద రాసిన చట్టంల గడువు అనే మాట ఉన్నది, మనం ఇయ్యాల వాట్సాప్‌ల చేసే బేరంల అదే ఉండదు.

వాయించి చూసుకోనీకి ఇయ్యాలంటే అమ్మేటోళ్లు ఊకె భయపడ్తలేరు, అది కూడ చెప్పాలె. మా మండలిల తబలా వాయించే పిలగాడు కీబోర్డు అమ్మకానికి పెడితే హన్మకొండ నుంచి ఒకాయన వచ్చి, వాయించి చూసి చెప్త అని వినాయక చవితికి ముందట పట్కపోయిండు, నిమజ్జనం అయినంక తెచ్చి 'సౌండ్ నచ్చలేదు తమ్మీ' అన్నడట. తొమ్మిది రాత్రులు మండపంల మోగినప్పుడు నచ్చింది మల్ల! కిరాయి మిగిలింది ఆయనకు. ఇంకో భయం, మంచి రీడ్లు ఊడదీసుకొని పాతయి పెట్టి వాపస్ పంపుతరని. అందుకే పంపే ముందు పెట్టె మూత తీసి రీడ్లు కనబడేటట్టు ఫొటోలు దిగి ఇద్దరి ఫోన్లల పెట్టుకోవాలె, కొన్నోడు పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయాలె.

నా లెక్కల ట్రయల్‌కు, అంటే వాయించి చూసి ఉంచుకోవాలెనా వాపస్ ఇయ్యాలెనా తేల్చుకోనీకి, పార్శిల్ చేతికొచ్చిన కాడి నుంచి మూడు రోజులు చాలు, దూరం నుంచి కొంటే ఐదు. ఆ రోజులల్ల ఇంట్ల వాయించుకోవాలె, గురువుకో రిపేర్ చేసేటాయనకో చూపెట్టుకోవాలె, ప్రోగ్రాంకు తీస్కపోతే మాత్రం కొన్నట్టే. పైసలు సగం ముందు, సగం ట్రయల్ అయినంక. చెప్పినట్టు లేకపోతే రానుపోను పార్శిల్ ఖర్చు అమ్మినోడే పెట్టుకోవాలె, ఊకె మనసు మారితే కొన్నోడు పెట్టుకోవాలె. దారిల పగిలితే ఎవలిది అనేదానికే నాకు సరైన జవాబు దొరకలే, ప్యాకింగ్ చేసినోనిదే అని నేనంట, మా తబలా పిలగాడు ఒప్పుకుంటలేడు.

ఈ అమ్ముడు కొనుడు యాప్‌లల్ల కారు పెడితే ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఏ సంవత్సరం మోడల్ అని అడుగుతరు. వాయిద్యం పెడితే ట్రయల్ ఎన్ని రోజులు, వాపస్ ఖర్చు ఎవలిది అని రెండు గళ్లు ఎందుకు పెట్టరు? మీ పేపర్ క్లాసిఫైడ్స్‌ల కూడ పాత వీణలు, కీబోర్డుల ప్రకటనలు వస్తుంటయ్. ప్రకటన తీసుకునేటప్పుడు ఆ రెండు ముక్కలు అడిగి అచ్చేయండి సార్, ఒక లైనే గదా పెరిగేది.

– ఒక భజన మండలి సభ్యుడు, పరకాల, హన్మకొండ జిల్లా