ఆదివారం పెళ్లి పరిచయాలు: బయోడేటాలు శుక్రవారానికల్లా

డాలస్ తెలుగు కుటుంబాలందరికీ నమస్కారం.

సంబంధాలు చూస్తున్నవాళ్లం ఆదివారం మధ్యాహ్నం 3 గంటలకు ప్లేనో క్లబ్‌హౌస్‌లో కలుస్తున్నాం. అబ్బాయి, అమ్మాయి తప్పక రావాలి. పెద్దలు మాత్రమే వస్తే మాట ముందుకు సాగదు.

ఒక పేజీ బయోడేటా శుక్రవారం రాత్రి 9 లోపు నాకు విడిగా పంపండి. గ్రూపులో పెట్టొద్దు, ఆడపిల్లల ఫోన్ నంబర్లు ఎక్కడెక్కడికో ఫార్వర్డ్ అవుతాయి.

గోత్రం, నక్షత్రం, పాదం రాయండి. ఇక్కడ పుట్టిన పిల్లలకైతే పుట్టిన ఊరు, అక్కడి గడియారం టైమే ఇవ్వండి, ఇండియా టైమ్‌లోకి మార్చకండి. వేసవిలో పుడితే డేలైట్ సేవింగ్ (గడియారం గంట ముందుకు జరపడం) సంగతి జాతకం వేసేవారికి చెప్పాలి. ఆ ఒక్క గంటకే లగ్నం మారిపోవచ్చు. ఇక్కడి టైమ్‌ని ఇండియా టైమ్ అనుకుని వేస్తే పది గంటల పైన తేడా వచ్చి పాదమే మారిపోతుంది, తర్వాత పొంతన చూసినా ప్రయోజనం లేదు.

వీసా వివరం దాచకండి. హెచ్1 (ఉద్యోగ వీసా) వాళ్లు ఐ-140 (గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయిందో లేదో రాయాలి. అది లేకపోతే హెచ్4 (హెచ్1 వాళ్ల భార్య/భర్తకిచ్చే వీసా) మీద వచ్చేవారికి సాధారణంగా వర్క్ పర్మిట్ రాదు. ఉద్యోగం చేద్దామనుకుని వచ్చిన అమ్మాయి ఇంట్లో కూర్చోవాల్సి వస్తే కాపురంలో మొదటి గొడవ అదే. గ్రీన్‌కార్డ్ చివరి దశలో ఉన్నవాళ్లు లాయర్‌ని ముందే అడగండి: కార్డు వచ్చాక పెళ్లయితే భార్య/భర్తకు వేరే పిటిషన్ వేసి, వరుసలో ఆగాలి.

కట్నం ప్రస్తావన వద్దు. శాకాహారం, పూజలు, అత్తమామలు కలిసి ఉండటం, ఇండియా తిరిగి వెళ్లే ఆలోచన... ఇవి మాత్రం మొదటి రోజే అడిగేయండి.

వచ్చేవాళ్లు ఎంతమందో రేపటిలోగా ఇక్కడే రాయండి, టిఫిన్లు చెప్పాలి.