నాలుగే వచ్చాయి, నాలుగూ కోసేస్తున్నాను

మొన్న శుక్రవారం రాత్రి మీకు పెట్టిన మెసేజ్ రెండే లైన్లు. మ్యాజిక్ కార్డుల ఆటలో కొత్తగా వచ్చిన ఫైనల్ ఫాంటసీ సెట్ బాక్సులు ఇవ్వలేకపోతున్నాను, అడ్వాన్స్ వాపసు చేస్తాను, క్షమించండి అని. అంతకంటే రాసే ఓపిక లేదప్పుడు. దానికి వచ్చిన జవాబుల్లో ఒకటి, "ఎక్కువ రేటుకు వేరేవాళ్లకి అమ్ముకున్నావా అన్నా?" సరదాకే అడిగి ఉండొచ్చు, పక్కన నవ్వు బొమ్మ కూడా ఉంది. కానీ ఆరేళ్లుగా బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో మెడికల్ షాపు పైనున్న నా కార్డుల షాపుకి మెట్లెక్కి వస్తున్న మనిషి ఆ మాట అనేసరికి ఆ రాత్రి అన్నం సహించలేదు. అందుకే జరిగిందంతా చెబుతున్నా.

ఫిబ్రవరిలో డిస్ట్రిబ్యూటర్‌కి పదహారు ప్లే బూస్టర్ బాక్సులు, అంటే ఆడుకునే కార్డుల ప్యాక్‌లుండే బాక్సులు, ఆర్డర్ పెట్టాను. మీలో పదహారు మంది తలా అయిదు వేలిచ్చారు, ఆ ఎనభై వేలకు నా డబ్బు కలిపి ఆయనకు మొత్తం కట్టేశాను. "టెన్షన్ ఎందుకు, పదహారూ నీవే" అన్నాడు. మే నెలాఖరుకి పదహారు కాస్తా పది అయింది. 2025 జూన్ 13న రిలీజ్. 11న ఫోన్ ఎత్తలేదు, 12న ఎత్తి కస్టమ్స్‌లో ఆగిందన్నాడు, గంట తర్వాత అసలు సరుకే తక్కువొచ్చిందన్నాడు, రాత్రికి వాళ్లావిడకి ఒంట్లో బాలేదన్నాడు. మూడూ నిజమే కావచ్చు, నాకేం తెలుసు. రిలీజ్ రోజు సాయంత్రం డెలివరీ అబ్బాయి అట్టపెట్టెని ఒంటిచేత్తో పట్టుకుని మెట్లెక్కుతుంటేనే గుండె జారింది, పదహారు బాక్సులున్న పెట్టెని ఎవరూ అలా మోసుకురారు. టేప్ కోసి చూస్తే నాలుగు బాక్సులు, మిగతా ఖాళీ నిండా కుక్కిన పాత కన్నడ పేపర్లు. బిల్లు మీద నీలం పెన్నుతో "బ్యాలెన్స్ తర్వాత" అని రాసుంది. ఆ తర్వాత ఎప్పుడో నాకింకా తెలియదు. సరుకూ లేదు, డబ్బూ లేదు.

మీ అడ్వాన్సులు మాత్రం నిన్న సాయంత్రానికి పదహారు మందికీ వేసేశాను. రాకపోతే ఫోన్ చేయండి. ఎక్కడి నుంచి తెచ్చావని కొందరు అడిగారు, దాచేదేముంది, చీటీ పాడాను. నష్టానికే.

ఇక ఆ నాలుగు బాక్సులు. అయిదు రోజులు కౌంటర్ వెనక నన్నే చూస్తున్నట్టు ఉన్నాయి. పదహారు పేర్లు రాసి లాటరీ తీసి నలుగురికి ఇచ్చెయ్యమంది మా ఆవిడ. న్యాయంగానే ఉంది, పేర్లు రాసి హార్లిక్స్ సీసాలో వేశాను కూడా. మూత తీయబుద్ధి కాలేదు, మిగతా పన్నెండు మంది మొహాలు గుర్తొచ్చి. ఆదివారం ఎవరో వచ్చాడు, ఎప్పుడూ చూసిన మొహం కాదు, నాలుగింటికీ రెట్టింపు, చేతిలో క్యాష్. "ఆ గేమ్ కార్డుల బాక్సులు" అన్నాడు, వాటి పేరు కూడా తెలియదు. తీసుకుని ఉంటే చీటీలో పోయింది పూడిపోయేది. లేదన్నాను. నేనేదో ధర్మరాజునని కాదు, అప్పటికే ఆ ప్రశ్న అడిగేశారు కదా, ఒప్పుకుంటే అదే నిజమైపోతుందన్న పంతం, అంతే.

మంగళవారం అర్ధరాత్రి దాటాక ఆ బిల్లు వెనకే లెక్క వేశాను. ఒకప్పుడు బాక్సుకి 36 ప్యాక్‌లు ఉండేవి, 2025 నుంచి 30. నాలుగు బాక్సులకి 120. డ్రాఫ్ట్ అంటే టేబుల్ దగ్గరే ప్యాక్‌లు విప్పి, కార్డులు ఎంచుకుని ఆడటం. దానికి ఎనిమిది మంది, తలా మూడు ప్యాక్‌లు, అంటే 24. సరిగ్గా అయిదు డ్రాఫ్ట్‌లు, ఒక్క ప్యాక్ ఎక్కువ కాదు, తక్కువ కాదు. నలభై సీట్లు. అడ్వాన్స్ ఇచ్చిన పదహారు మందికి తలా రెండు, మిగిలిన ఎనిమిది ముందు అడిగినవాళ్లకి. మూడు ప్యాక్‌లకి నాకు పడ్డ ధరే ఇవ్వండి, టేబుల్ ఫీజు లేదు, తీసుకున్న కార్డులు మీవే. గెలిచినవాళ్లకి బ్లూమ్‌బరో ప్యాక్‌లు, అవే, ఎలుకలూ కుందేళ్లూ కత్తులు పట్టుకుని తిరిగే సెట్. ఇవ్వడానికి ఇంకేం లేవు.

సీల్డ్ బాక్స్ వేరు, డ్రాఫ్ట్ వేరు, తెలుసు. ప్లేస్టేషన్‌లో ఫైనల్ ఫాంటసీ వీడియో గేమ్ ఆడి, కేవలం అందులోని హీరో క్లౌడ్ కోసం మొదటిసారి మ్యాజిక్ కొందామనుకున్నవాళ్లు ఈసారి మీలో చాలామంది. బాక్స్ ఇంటికి తీసుకెళ్తే క్లౌడ్, అతని శత్రువు సెఫిరోత్ కార్డులు దాచుకునే బైండర్‌లోకి వెళ్తారు, మిగతావి డబ్బాలోకి. అదే టేబుల్ దగ్గర కూర్చుంటే, ప్యాక్‌లోని పద్నాలుగు కార్డుల్లో ఒక్కటి ఉంచుకుని మిగతావి ఎడమ పక్కవాడికి తోసేటప్పుడు, రెండు మంచివి కనబడి ఏది వదలాలో తెలియక నుదురు రుద్దుకుంటారు చూడండి, అక్కడ పట్టుకుంటుంది ఈ ఆట. 1993లో ఈ ఆటకి అరేబియన్ నైట్స్ అని మొదటి ఎక్స్‌పాన్షన్, అంటే అదనపు సెట్, వేసినప్పుడు కార్డుల వెనక వేరే రంగు వేద్దామనుకుని ఆఖర్లో మానేశారు. అలా మానబట్టే ఇవాళ క్లౌడ్‌ని పాత డ్రాగన్ల డెక్‌లో కలిపినా వెనక నుంచి తేడా తెలియదు. బంగారు చోకోబో, అంటే ఆ గేమ్‌లోని పక్షి బొమ్మతో 77 మాత్రమే వేసిన కార్డు, చేజారిందని ఒకరు బాధపడ్డారు. ఆ 77 కార్డులూ కలెక్టర్ బూస్టర్లనే వేరే ప్యాక్‌లలోనివి, మన బాక్సుల్లో ఎలాగూ ఉండవు.

ఒక్క అబ్బాయికి మాత్రం ఏం చెప్పాలో తోచడం లేదు. హోసూరు నుంచి ప్రతి ఆదివారం బస్సులో వస్తాడు, మొదటి జీతంతో మొదటి బాక్స్, తానే కోసుకోవాలని నాలుగు నెలలు చెప్పాడు. అతనికొకటి పక్కన పెట్టేద్దామని చేయి వెళ్లింది. పెట్టలేదు. తప్పు చేశానేమో కూడా.

తర్వాతి సెట్ల కోసం ఇప్పటికే అడుగుతున్నారు. పెట్టె నా కౌంటర్ మీదకి వచ్చేదాకా మీ దగ్గర రూపాయి తీసుకోను. దొరక్కపోతే వేరే షాపులో కొనుక్కోండి, నేనేం అనుకోను. అనుకుంటాను, కానీ చెప్పను.

మొదటి డ్రాఫ్ట్ శనివారం పదిన్నరకి. కత్తెర కౌంటర్ మీద పెడతాను, ఆ ప్రశ్న అడిగిన పెద్దమనిషే వచ్చి మొదటి బాక్స్ ప్లాస్టిక్ కోయాలి.