నా పిక్క నొప్పి తగ్గడానికి కారణమైన ముగ్గురికి కృతజ్ఞతలు

ఐదు నెలల తర్వాత, ఈ వారం పొద్దున్నే మంచం దిగి గోడ పట్టుకోకుండా నడిచాను. ఆ సంతోషం ఇంకా తగ్గకముందే సాయం చేసినవాళ్లకి అందరి ముందూ థ్యాంక్స్ చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఏళ్ల తరబడి కూర్చుని పనిచేసిన దాన్ని, ఒక్కసారిగా రోజూ గంటసేపు వేగంగా నడవడం మొదలుపెట్టాను. రెండో వారానికల్లా కుడి పిక్కలో, మడమకి జానెడు పైన, లోపలెక్కడో పట్టేసినట్టు నొప్పి. నడక ఆపితే తగ్గేది, మొదలుపెడితే మళ్లీ తిరగబెట్టేది. నూనె రాశాను, బ్యాండేజీ కట్టాను, నొప్పి మాత్రలు వేసుకున్నాను. కాలు కాస్త వాచినట్టు కూడా అనిపించాక, గట్టిగా మసాజ్ చేయించుకుంటే పోతుందిలే అనుకున్నాను.

మసాజ్‌కి వెళ్దామనుకున్న ముందురోజు ఫోన్ చేసింది నాకు చెల్లెలి వరసయ్యే అమ్మాయి. నర్సు. "అక్కా, నొప్పి ఒక్క కాలికేనా, రెండిటికీనా? వాపు ఉందా?" అని అడిగింది. చెప్పగానే, "మసాజ్ జోలికి పోకు. రేపే డాక్టరుకి చూపించుకో" అంది. ఒక్క కాలే వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చట. పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకి వెళ్లే ప్రమాదం ఉంది. ఆయాసం, ఛాతీ నొప్పి కూడా తోడైతే క్షణం ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సిందే. ఆపరేషన్ అయినవాళ్లు, చాలా రోజులు మంచం మీద ఉన్నవాళ్లు, గర్భిణులు మరీ జాగ్రత్తగా ఉండాలని చెప్పింది. నేనా మాట అంతకుముందు విననే లేదు. అమ్మలూ, ఆ ఒక్క ఫోన్‌కి నేను నీకు రుణపడి ఉంటాను.

డాక్టరుగారు మొదట ఒక టేపు తీశారు. మోకాలి చిప్ప కింద చేతికి తగిలే ఎముక బుడిపె నుంచి 10 సెంటీమీటర్లు కిందకి కొలిచి, పెన్నుతో గుర్తు పెట్టి, అక్కడ పిక్క చుట్టుకొలత తీసుకున్నారు. రెండో కాలికీ అంతే. తేడా ఒక్క సెంటీమీటరు. 3 దాటితే అనుమానం గట్టిపడుతుందని చెబుతూనే, ఎందుకైనా మంచిదని, రక్తం ఎలా పారుతోందో చూపించే డాప్లర్ స్కాన్ కూడా చేయించారు. గడ్డ లేదు. ఆ రిపోర్టు చేతికి వచ్చేదాకా నేను పడ్డ టెన్షన్ నాకే తెలుసు.

తర్వాత పాదం మీద వేళ్లు ఆనించి నాడి చూశారు. "ప్రతిసారీ ఇంచుమించు అంతే దూరం నడిచాక నొప్పి వచ్చి, ఆగితే నిమిషాల్లో పోతుందా?" అన్నారు. అలాగైతే ధమనులు సన్నబడి కాలికి రక్తం చాలకపోవచ్చట. ముఖ్యంగా పొగ తాగేవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో. నడుం నుంచి కాలిలోకి లాగుతోందా, తిమ్మిరి ఉందా అని అడిగింది వెన్నులో నరం నొక్కుకుపోయిందేమో తెలుసుకోవడానికి. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ మాత్రలు వాడుతున్నారా అని కూడా అడిగారు, వాటివల్ల కూడా కొందరికి కండరాలు నొస్తాయని. అలాంటప్పుడు మాత్ర సొంతంగా ఆపేయకుండా డాక్టరుతో మాట్లాడాలి. ఇన్ని ప్రశ్నలు ఓపిగ్గా అడిగినందుకు ఆయనకి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నాకు వీటిలో ఏదీ కాదని తేలింది.

అసలు చిక్కుముడి విప్పింది ఫిజియో మేడం. నన్ను బోర్లా పడుకోబెట్టి, మోకాలు చాపి ఉంచి పాదాన్ని పైకి వంచారు. ఏమీ అనిపించలేదు. మోకాలు మడిచి అదే పని చేశారు. అబ్బా అని అరిచాను. "ఇదిగో, దొరికింది" అన్నారు నవ్వుతూ. పిక్కలో పైకి కనిపించే కండరం కింద సోలియస్ అని ఇంకో కండరం ఉంటుందట. పైది మోకాలికి పైన మొదలవుతుంది, సోలియస్ మోకాలికి కింద. అందుకే మోకాలు మడిస్తే పైది వదులై, లాగుడంతా సోలియస్ మీద పడుతుంది. నేను నెలల తరబడి మోకాలు నిటారుగా పెట్టి గోడకి ఆని సాగదీస్తున్నది పై కండరాన్ని! దెబ్బతిన్నదాన్ని ముట్టుకోనే లేదు.

ఆవిడ చెప్పినట్టు గోడకి ఎదురుగా నిలబడి, నొప్పి కాలు వెనక పెట్టి, మడమ లేవకుండా మోకాలు మడిచి 30 సెకన్లు, మూడుసార్లు. కుర్చీలో కూర్చుని మడమలు మెల్లగా ఎత్తి దించడం, కొన్నాళ్లకి తొడ మీద బరువు పెట్టుకుని అదే. నొప్పికి పదికి ఇన్ని అని మార్కులేస్తే, మూడు వరకు ఉంటే పర్వాలేదు, అంతకు మించితే తగ్గించమన్నారు. పూర్తిగా విశ్రాంతి తీసుకోవడం, తగ్గిందనగానే మళ్లీ గంట నడవడం, నా విషయంలో ఈ రెండూ తప్పేనట. పది నిమిషాల నడకతో మొదలుపెట్టించి, ఎనిమిది వారాలు వెంట ఉండి పెంచుకుంటూ వచ్చారు. విసుగొచ్చి మానేద్దామనుకున్న రోజుల్లో కూడా ఆవిడ విసుక్కోలేదు.

మేడం, నిన్న ఒంటికాలి మీద నిలబడి కుడి మడమ పన్నెండుసార్లు ఎత్తాను. ఇరవై అయ్యాక ఫోన్ చేయమన్నారు కదా, చేస్తాను.