బ్లీచింగ్ బస్తా మూతి ఎవరు కడతారు?

సంపాదకులు గారికి,

వానాకాలం వచ్చిందంటే పంచాయతీల్లో బ్లీచింగ్ పౌడర్ చల్లడం మామూలే, కానీ ఆ బస్తా ఎప్పటిది, ఎక్కడ పెట్టారు అని ఎవరూ అడగరు. కొత్త పౌడర్‌లో పనిచేసే క్లోరిన్ సుమారు 33 శాతం ఉంటుంది, మూతి విప్పి రేకుల షెడ్డులో పడేస్తే వేడికి, తేమకి, గాలికి అది వేగంగా దిగిపోతుంది, చివరికి మిగిలేది సున్నం, ఏవో లవణాలు. మా ఊళ్లో ట్యాంకులో కలిపేది అలాంటిదే. వాసన వస్తే చాలనుకుంటారు కాబోలు! కుళాయి దగ్గర లీటరు నీళ్లలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి, ఆర్థోటోలిడిన్ అనే పరీక్ష ద్రావణం చుక్కలు వేసి పసుపు రంగు చూస్తే కాసేపట్లో తెలిసిపోతుంది. అధికారులు ఆ పరీక్ష జనం ముందే చేయించాలి, తయారీ తేదీ చూసి సరుకు కొనాలి, పొడిగా చల్లగా ఉండే చీకటి గదిలో మూత బిగించి పెట్టించాలి.

– ఒక పాఠకుడు, తూర్పు గోదావరి జిల్లా