వార్షిక నివేదిక 2024–25: ఆదివారం వీల్‌ఛైర్ సాధన

మన వికలాంగుల సంఘం సభ్యులందరికీ నమస్కారం.

పింఛన్ల దరఖాస్తులు, సదరం సర్టిఫికెట్ల (వైకల్యాన్ని ధ్రువీకరించే పత్రాల) కోసం తిరగడం ఈ ఏడాదీ మామూలే. వాటి వివరాలు, జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. నేను ఇక్కడ ఎక్కువగా ఆదివారం సాధన గురించే రాస్తున్నాను, కమిటీలో ఎక్కువ వాదన జరిగింది దాని మీదే కాబట్టి. "కుర్చీ ఇప్పించడం వరకే మన పని, దాని మీద సర్కస్ నేర్పడం ఏమిటయ్యా" అని పెద్దలు కొందరు అడిగారు.

సర్కస్ కాదు, గడప దాటడం కోసం. మన ఇళ్లలో గడప రెండు మూడు అంగుళాలుంటుంది. వీల్‌ఛైర్ ముందు చిన్న చక్రాలు దాని దగ్గరికొచ్చి ఆగిపోతాయి. ఇక "ఒరేయ్, ఒకసారి ఇలా రారా" అని పిలవాల్సిందే, రోజుకు ఎన్నిసార్లో. పసుపు రాసి బొట్లు పెట్టే గడపను కోసేద్దామంటే ఇంట్లో ఒప్పుకోరు, నేనైనా ఒప్పుకోను. మరి ముందు చక్రాలనే గాల్లోకి లేపాలి. మనవాళ్లు దీనికి 'ముక్కు లేపడం' అని పేరు పెట్టుకున్నారు, ఇప్పుడు ఫిజియోథెరపిస్టు గారు కూడా అదే అంటున్నారు.

ఆయన డబ్బు తీసుకోకుండా వచ్చి నేర్పారు. కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన వీల్‌ఛైర్ నైపుణ్యాల పాఠాలను దగ్గర పెట్టుకున్నారు. అవి ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. కుర్చీ వెనక ఫ్రేముకు గట్టి పట్టీ కట్టి, ఒక మనిషి దాన్ని చేత్తో పట్టుకోవాలని అందులో ఉంది. మేం మంచాలకు వేసే నవారు కొత్తది తెచ్చి, రెండు పేటలుగా కుట్టించాం.

చెయ్యడం తేలిక, నమ్మడమే కష్టం. చక్రాలను కొంచెం వెనక్కి దొర్లించి, ఒక్కసారిగా ముందుకు తోస్తే ముక్కు లేస్తుంది. అప్పుడు వెనక్కి పడబోతున్నామనిపిస్తే చక్రాలను వెనక్కే లాగాలి, ముందుకు పడబోతుంటే ముందుకే తొయ్యాలి. భయంలో చేతులు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా పనిచేస్తాయి. టైలరింగ్ చేసే మన సభ్యురాలు మొదటి నాలుగు వారాలూ ముక్కు లేవగానే చక్రాలను చేత్తో తిప్పే రింగులు వదిలేసి "అమ్మో" అనేవారు. అయిదో వారం ఆవిడ వదల్లేదు. రెండు చక్రాల మీద అలా ఊగుతూ ఊపిరి బిగబట్టి, "అన్నయ్యా, పట్టీ పట్టుకున్నావా?" అని అడిగారు. పట్టుకునే ఉన్నాను గానీ, పట్టీ వదులుగానే ఉంది.

పడటం కూడా నేర్పాం. గడ్డం ఛాతీకి ఆనించాలి, తల వెనక్కి వాల్చకూడదు, మోకాళ్లు ముఖానికి తగలకుండా ఒక చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. పాత పరుపులు పరిచి, పట్టీతో మెల్లగా దించుతూ ఇదంతా చేయించాం.

అయినా ఒక పొరపాటు జరిగింది, దాచడం ఇష్టం లేదు. ఆగస్టులో ఒక కుర్రాడు వెనక్కి పడ్డాడు, తలకు బొప్పి కట్టింది. వెంటనే డాక్టరుకు చూపించాం, ప్రమాదమేమీ లేదన్నారు. పట్టీ పట్టుకున్నవాడు ఆ క్షణంలో ఫోన్ చూస్తున్నాడు. అప్పటి నుంచి పట్టీ పట్టేవాళ్ల ఫోన్లు ఒక డబ్బాలో వేయిస్తున్నాం.

కుర్చీల గురించి ఒక మాట. మామూలు మడతకుర్చీలో వెనక చక్రం ఇరుసు సరిగ్గా మన వీపు కింద ఉంటుంది. తేలిగ్గా వెనక్కి పడదు, ముక్కూ అంత తేలిగ్గా లేవదు. ఇరుసు కాస్త ముందుకు ఉంటే ముక్కు ఇట్టే లేస్తుంది, వెనక్కి పడే ప్రమాదమూ అంతే. కూరగాయల సంచి వీపు వెనక తగిలించుకున్నా ఇదే తంతు, ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు. సంచి ఒళ్లో పెట్టుకోండి. టైర్లలో గాలి తగ్గితే బ్రేకు కూడా సరిగా పట్టదు.

ర్యాంపుల విషయంలో మాత్రం ఫలితం లేదు. మెట్ల ఎత్తు అడుగున్నర ఉంటే, ఒకటికి పన్నెండు లెక్కన ర్యాంపు పద్దెనిమిది అడుగుల పొడవుండాలి. ఊళ్లో ఒక కార్యాలయం దగ్గర ఆరు అడుగులతో ముగించారు. దాన్ని ఎక్కగలిగినవాళ్లు మాలో ఒక్కరూ లేరు, సాధన చేసినవాళ్లతో సహా. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టాన్ని పేర్కొంటూ రెండు అర్జీలు ఇచ్చాం, రసీదులు మాత్రం భద్రంగా ఉన్నాయి. ఎంత నేర్చుకున్నా అలాంటి ర్యాంపు ముందు మన నేర్పు చాలదు, ఆ తప్పు మనది కూడా కాదు.

వచ్చే ఏడాదికి కమిటీ అడుగుతున్నది తక్కువే: నవారు ఒకసారి మార్చాలి, చేతులకు గ్లవుజులు కావాలి, పల్లం దిగేటప్పుడు రింగుల రాపిడికి అరచేతులు బొబ్బలెక్కుతున్నాయి. సాధనకు రాలేనివాళ్ల ఇళ్లకు మేమే వెళ్లి గడపల ఎత్తు కొలుస్తాం, పేరు కోశాధికారి గారి దగ్గర రాయించండి. సంక్రాంతి తర్వాతి ఆదివారం పొద్దున ఏడింటికి మళ్లీ మొదలుపెడతాం. గాలి పంపు ఉన్నవాళ్లు తీసుకురండి, మనది పాడైంది.

– కార్యదర్శి