క్రేయాన్లు సంచిలోంచి తీసే ముందు ఇది చదువు

బుజ్జమ్మా,

నిన్న ఫోన్లో సిగ్నల్ పోయి చెప్పాలనుకున్నది సగంలో ఆగిపోయింది, అందుకే రాస్తన్నాను. వచ్చే నెల సీతంపేట ఏజెన్సీలో సవర గిరిజన పిల్లలతో నీ ఎక్స్‌ప్రెసివ్ ఆర్ట్స్ థెరపీ మొదలెడతానన్నావు, క్రేయాన్లు చార్టులు కొనీసానన్నావు, చాలా సంతోషమయింది. నువ్వు పంపిన నోట్సు రెండుసార్లు చదివాను, 1970ల్లో అమెరికాలో లెస్లీ కాలేజీలో మొదలైందని, బొమ్మ బాగుందా లేదా అని చూడరని, బొమ్మలోంచి ఆటలోకి ఆటలోంచి పాటలోకి వెళ్తా ఉంటే నోటికి రానిది బయటికొస్తాదని. నాకది కొత్తగా అనిపించలేదే, మీ అమ్మమ్మ దగ్గర చూసాను.

తిత్లీ తుఫాను గుర్తుందిగా, 2018 అక్టోబర్ 11, నువ్వు హాస్టల్లో ఉన్నావు. గాలి తగ్గాక తోటలోకెళ్తే నలభై కొబ్బరి చెట్లలో మూడే నిలబడున్నాయి, జీడిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. అమ్మమ్మ ఏడవలేదు. ఎవరడిగినా బానే ఉన్నాన్లే అనేది, అన్నం మాత్రం ముట్టీది కాదు. పది రోజులకి ఒకాయన ఫారం పట్టుకొని వచ్చి నిద్ర పడుతోందా, విచారంగా ఉంటోందా, ఎన్నాళ్ళ నుంచి అని చదువుతా టిక్కులు పెట్టుకున్నాడు. మనిషి మంచోడే, కానీ విచారం అనే మాట అమ్మమ్మ నోట ఎప్పుడైనా విన్నావా, గుండెల మీద రోలెట్టినట్టుంది అంటాది గానీ. అన్నిటికీ లేదు లేదు అనీసింది.

ఆ సాయంత్రమే పడిపోయిన చెట్లు కోయడానికి రంపం మిషనుతో వచ్చారు. మొదటి మాను మీద రంపం పెట్టబోతే అమ్మమ్మ వెళ్ళి దాన్ని వాటేసుకొని శోకం ఎత్తుకుంది, చావింట్లో ఎత్తుకున్నట్టే, రాగం తీసి. పెద్దోడు పుట్టిన ఏడు పాతాను నిన్ను తల్లీ, కూతురు పెళ్ళికి బొండాలిచ్చావు తల్లీ అని ఒక్కో చెట్టుకి ఒక్కో వరస. కుర్రాడు మిషను ఆపీసాడు. వీధిలో ఆడోళ్ళు నలుగురొచ్చి పక్కన కూలబడి ఎవరి చెట్లు వాళ్ళు తలుచుకొని వంత కలిపారు, చీకటి పడేదాకా. ఆ రాత్రి గంజి అడిగి తాగింది. నయమైపోయిందని అనను, ఆకలి మాత్రం తెలిసింది. అదే ఎవరైనా చార్టు చేతికిచ్చి నీ చెట్టు బొమ్మ గియ్యమ్మా అనుంటే తలొంచుకొని కూచునేది.

సవరోళ్ళ సంగతీ అంతే. (సీతంపేట ఇప్పుడు మన్యం జిల్లాలో కలిసిందిగానీ మాకింకా శ్రీకాకుళమే.) అంగన్‌వాడీ పని మీద వెళ్ళినప్పుడు ఒకింట్లో ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో బొమ్మ వేస్తంటే చూసాను, చుట్టూ గడి కట్టి లోపల మనుషులు, ఏనుగు, సూర్యుడు. ఎంత బాగుందో అన్నాను, ఎవరూ పలకలేదు. తర్వాత తెలిసింది, అది అందానికి కాదు, పోయిన పెద్దలకి ఇల్లులాంటిదట, ఎవరు పడితే వాళ్ళు వెయ్యరట. కాబట్టి పిల్లల్ని కూచోబెట్టి మీ సవర బొమ్మలు గీయండి అనకు. ముందు ఊరి పెద్దల్ని అడుగు, ఏది గీయించొచ్చు ఏది కూడదు అని. భాష కూడా మొదలెట్టు, కనీసం అమ్మ, ఆకలి, భయం. మన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామ్మూర్తి గారు సవర వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకొని నేర్చుకున్నారు, ఆ పిల్లలకి వాళ్ళ మాటల్లోనే చదువు చెప్పాలని. నిజంగా జబ్బుగా ఉన్నోళ్ళు కనిపిస్తే మాత్రం ఆలస్యం చెయ్యకు, డాక్టరు దగ్గరికి పంపు, మనసు బాగోకపోతే ఫోన్ చేసి మాట్లాడే టెలిమానస్ నంబరు 14416 ఇంట్లోవాళ్ళకి రాసివ్వు.

వెళ్ళే ముందు ఇక్కడ రెండ్రోజులుండు. అమ్మమ్మ శోకం రికార్డు చేసుకుంటానన్నావట, ఊరికే ఎత్తుకుంటే ఇంటికి మంచిది కాదంటంది, అడక్కు. తోటకి తీసికెళ్తానంది, కొత్తగా పెట్టిన మొక్కలకి గెలలొచ్చాయి.

మీ అమ్మ